రాతి బిడ్డ

ఉగుచ్చో సమ్మెట ఎత్తి దించాడు. పాలరాతి స్తంభం తల నిలువునా చీలింది.

రోము నగరంలో, పాత శిథిలాల మధ్య పశువులు మేసే మైదానంలో ఉంది ఆ సున్నపు బట్టీ. కొత్త చర్చీలకూ పెద్దల మేడలకూ సున్నం కావాలి. సున్నానికి పాలరాయి కావాలి. పాతకాలపు దేవుళ్ళ చేతులూ కాళ్ళూ పగలగొట్టి బట్టీలో పేర్చడమే ఉగుచ్చో బతుకు. సెగకు కనుబొమలు మాడిపోయాయి. బట్టతల మీద తెల్లటి పొడి చెమటతో కలిసి పెచ్చు కట్టింది.

"ఇంకా గంపెడు రాయి తక్కువరా. రేపు నింపకపోయావో, నీ చోట్లో ఇంకొకడు" అని మెయో మేస్త్రీ నిన్ననే చెప్పాడు. అందుకే ఇవాళ ఇంటినుంచి గోనెసంచి మోసుకొచ్చాడు.

అందులో రాతి బిడ్డ. బొద్దు బుగ్గలు, మూసిన కళ్ళు, గుప్పెట్లో ఏదో పండు. పుట్టిన బిడ్డ దక్కని ఏడాది, మట్టిలో దొరికితే అతనే పెళ్ళాం పెర్నాకి తెచ్చిచ్చాడు. "రాయని నాకు తెలీదా? చెయ్యేసుకు పడుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా" అనేది ఆమె. కొన్నాళ్ళుగా జ్వరం. పొద్దున ఆమె ఒళ్ళెరగక నిద్రపోతుంటే, చెయ్యి మెల్లగా తప్పించి బిడ్డను ఎత్తుకొచ్చేశాడు.

మెయో సంచి విప్పి నవ్వాడు. "ఎవడి కొడుకురా వీడు? ముక్కు అచ్చం నీదే!"

ఉగుచ్చో నవ్వలేదు. బొమ్మను బోర్లా తిప్పి, కళ్ళు మూసుకుని కొట్టాడు. ఒక్క దెబ్బకు పోలేదు.

బట్టీ అంటుకున్నాక ఒక చిత్రకారుడు వచ్చాడు, చంకలో కాగితాల కట్టతో.

"ఏమయ్యా, పాత బొమ్మలేమైనా మిగిలాయా? ఆ పనితనం మళ్ళీ నేర్చుకోవాలని చస్తున్నాం. మొహం చెడనిది ఒక్కటివ్వు, బదులుగా రెండు బళ్ళ రాయి తోలిస్తా."

ఉగుచ్చో పొగవైపు చూశాడు. "లేవయ్యా" అన్నాడు. "పొద్దున్నే వచ్చుంటే..."

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. పెర్నా గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"వచ్చావా?"

"వచ్చా. కాస్త గింజల చారు తాగుతావా?"

"వద్దు. బాబేడీ?"

"నీ పక్కనే ఉన్నాడు" అన్నాడు.

నోరుజారిన అబద్ధాన్ని నిలబెట్టక తప్పలేదు. మోకాళ్ళ మీద కూలబడి, ఆమె మీదుగా వంగి, తన బట్టతలను ఆమె చేతి కిందికి దూర్చాడు. సన్నటి వేళ్ళు నెత్తి మీద తిరిగి, చెవి దాకా వచ్చి ఆగాయి.

"ఇవాళ వెచ్చగా ఉన్నాడే" అంది పెర్నా. ఆ చెవినే నిమురుతూ, "పాపం, బాగా అలిసిపోయాడు" అంది.

చెప్పేద్దామనుకున్నాడు. మాటలు కూడదీసుకుంటూ ఉండగానే ఆ చెయ్యి బరువెక్కింది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి, చివరి స్నానానికి ఆమెను ఎత్తి బల్ల మీద పడుకోబెట్టారు. ఖాళీ అయిన గడ్డిపరుపులో, గోడవైపు, పసిబిడ్డంత గుంట. ఆ గుంటలో ఒక గుడ్డ పీలిక. బట్టీ దుమ్ము పడ్డప్పుడల్లా ఆమె రాతి మొహం తుడిచే గుడ్డ. ఉగుచ్చో దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా తడిగానే ఉంది. అంటే, అతను వెళ్ళాక పెర్నా లేచింది. గోడ పట్టుకుని నీళ్ళకుండ దాకా నడిచి వచ్చింది.

బిడ్డ మొహం తుడుద్దామని గుడ్డ తడుపుకొచ్చింది. దాని మీద ఎక్కడా తెల్లటి మరక లేదు.