కీవ్‌ల ఇత్తడి బిల్ల

రైలెక్కుదాం రారా అంటె నర్సింగం నడుద్దామన్నడు. పొద్దటి సంది ఇది నాలుగోసారి. నాకు తిక్క లేసింది.

"అరే, మల్ల జన్మల కీవ్ వస్తమా? ఇక్కడి భూమికింది రైలు దునియల్నే మస్తు లోతుల పోతదట. అది చూడకుంట ఇంటికి పోతె మన బొగ్గు బాయోళ్లు నన్ను చూసి నవ్వరా?"

"చెట్లు మంచిగున్నయి రాజన్నా. నడుద్దాం తియ్యి," అన్నడు. వాని మొఖమైతె చెట్ల దిక్కు లేదు.

అది రెండువేల తొమ్మిది, అక్టోబరు నెల. మేం ముగ్గురం గోదావరిఖనోళ్లం. బొగ్గు కోసే కొత్త మిషన్ నేర్చుకోమని కంపెనీ మమ్మల్ని ఇంత దూరం తోలింది. ఇరవై రోజులు ఫ్యాక్టరీ షెడ్డుల్నే గడిసినయి, ఒక్కనాడు గూడ భూమి కిందికి దింపలేదు. తెల్లారితె విమానం. నడుమల ఈ ఒక్కరోజు మాది. నేను బాయిల సర్దార్ని. షిఫ్టుకు ముందు గ్యాసు చూసుడు, కప్పు చూసుడు, దిగినోళ్లందరు పైకొచ్చిన్రా లేదా చూసుడు నా పని. సిరాజుద్దీన్ ఫిట్టర్, నోరు మూసుకొని ఒక్క నిమిషం ఉండడు. నర్సింగం మిషన్ నడుపుతడు. నాకంటె పదేండ్లు చిన్నోడు, వాని చేతిపని చూస్తె ముచ్చటైతది.

నా సంచిల ఒక కాయితం ఉంది. ఊరికి పోంగనె మేనేజరు చేతుల పెట్టాలె. ఇద్దరి పేర్ల ముందట ఫిట్టా, అన్‌ఫిట్టా రాసి నేను సంతకం చెయ్యాలె. సిరాజ్‌ది రాసిన. నర్సింగంది ఖాళీగనె ఉంది. రెండేండ్ల కింద బాయిల కప్పు కూలి వాడు, వానితోని పనిచేసే ఆగయ్య లోపల చిక్కుకున్నరు. ఆరు గంటలైనంక వీన్ని తీసినం. ఆగయ్య దక్కలేదు. అప్పటి సంది వీనికి పైననే డ్యూటీ. కొత్త మిషన్ వస్తుందంటె, మల్ల దిగుత సార్ అని వీడే పోయి మేనేజర్ను బతిమిలాడుకున్నడు. ఇప్పుడు అన్‌ఫిట్ అని రాస్తిననుకో, ఇగ వాడు బాయి దిగుడు ఖతం. "ఫిట్ రాయన్నా, నీ కాల్మొక్త" అని ఇరవై రోజుల సంది నా ఎంట పడ్డడు.

సరే, నడిసినం. నిజం చెప్తున్న, ఊరు బాగుంది. సడక్ మీద నున్నటి రాళ్లు పరిసిన్రు. ఒక్కటన్న లేపి కింద ఏమేసిన్రో చూద్దామని నా పానం గుంజింది. గుళ్ల మీద బంగారు గుండ్లు ఎండకు ధగధగ మెరుస్తున్నయి. "అసలు బంగారమేనా, పూతనా?" అని సిరాజ్‌ను అడిగితె, "ఎక్కి గీకి చూడు భాయ్, నేను నిచ్చెన పట్టుకుంట" అన్నడు. ఒక్క వంతెన మీదనె మూడు పెండ్లి జంటలు ఫొటోలు దిగుతున్నయి. సిరాజ్ ముగ్గురు పెండ్లి పిల్లగాండ్లకు సలాం కొట్టి చేతులు కలిపిండు. ఎక్కడోళ్లని వాళ్లు సైగ చేస్తె, వీడు ఛాతి మీద చెయ్యేసుకొని "గోదావరిఖని!" అన్నడు. వాళ్లు గూడ తెలిసినట్టె తలకాయలు ఊపిన్రు. కడుపు పట్టుకొని నవ్వినం. నర్సింగం గూడ నవ్విండు.

మాపటికి ముందు నది పక్క గుట్ట మీద ఒక పాత మఠానికి చేరినం. దాని కింద గుహలున్నయట. వెయ్యేండ్ల కింద సన్నాసులు చేతుల్తోని తవ్వుకున్నరట. నాకు ఆగుతదా? మిషన్ లేదు, మందుగుండు లేదు, గుంజలు పాతలే, మరి కప్పు ఎట్ల నిలబడ్డది? చూడాల్సిందే అని తలుపు కాడికి ఉరికిన. ఎనుకకు తిరిగి చూస్తె నర్సింగం మెట్ల మీదనె ఆగిపోయిండు. రెండు చేతుల్తోని గోడను పట్టుకొని కండ్లు గట్టిగ మూసుకున్నడు.

అప్పుడు సమజైంది నాకు. రైలు వద్దనుడు, చెట్లు మంచిగున్నయనుడు, అన్నీ అందుకే.

"భయమారా నీకు?" అని ఒర్రిన. "ఇరవై రోజులు నా కండ్లల్ల మన్ను కొట్టినవ్ కదరా! రేపు నువ్వు మిషన్ మీద వణికితె పక్కన నలుగురు సావాల్నా?"

వాడు మెట్టు మీద కూలబడ్డడు. "హోటల్ల లిఫ్టు గూడ ఎక్కలేదన్నా, నువ్వు చూడలే. ఆ దినం నా లైటు ఆరిపోయింది. చీకట్ల ఆగయ్య కాక మాట్లాడుకుంటనె ఉన్నడు. నా పెండ్లాం సమ్మవ్వకు చెప్పు, గది చెప్పు, గిది చెప్పు అన్నడు. జరసేపటికి సప్పుడు చెయ్యలే. నేను పిలుసుకుంటనె ఉన్న."

నా కోపం ఎక్కడ పోయిందో. దుఃఖమొచ్చింది. అయినా కాయితం తీసిన. తియ్యాలె మరి. నర్సింగం నా చెయ్యి పట్టుకున్నడు.

"ఒక్కసారి దిగి వస్త. వచ్చినంక ఏం రాస్తవో రాయి."

జేబుల నుంచి హోటల్ గది తాళంచెవి తీసిండు. దానికి నంబరు కొట్టిన ఇత్తడి బిల్ల ఉంది, అచ్చం బాయి దీపాలిచ్చే మా ల్యాంపు రూం బిల్ల తీరుగ. మా దగ్గర బాయి దిగేటోడు తన నంబరు బిల్ల ల్యాంపు రూంల ఇచ్చి పోతడు, పైకొచ్చినంక తన చేతుల్తోనె తీసుకుంటడు. బోర్డు మీద ఒక్క బిల్ల మిగిలినా ఒక్క మనిషి లోపల ఉన్నట్టే. నర్సింగం తాళాన్ని సిరాజ్ చేతుల పెట్టిండు. సిరాజ్ ఎగతాళి చెయ్యలే. "నర్సింగం, లోపలికి. రాసుకున్న," అన్నడు మెల్లగ.

మనిషిని ఒంటిగ దింపుతె నేనేం సర్దార్ని? నా తాళం గూడ ఇచ్చిన. అలవాటు కొద్ది బీడీలు, అగ్గిపెట్టె గూడ ఇచ్చేసిన. బాయిల అగ్గిపుల్ల దొరికితె కొలువు పోతది మరి.

లోపలికి పోంగనె ఒక ముసలామె చెరొక మైనపొత్తి ముట్టిచ్చి చేతికిచ్చింది. వామ్మో! భూమి కిందికి మంటనా? అయినా చెయ్యి చాచి, దూరంగ పట్టుకొని నడిసిన. దారి ఇద్దరు పట్టనంత సన్నగ ఉంది. గోడలల్ల అద్దాల పెట్టెలు, వాటిల పాతకాలం సన్నాసుల పీనుగులు, పువ్వుల కుట్టుపని బట్టలు కప్పి ఉన్నయి. నేను ఏలు మడిసి కప్పును కొట్టి చూసిన. గట్టిగ మోగింది. డొల్ల సప్పుడు ఎక్కడ లేదు. ఎట్ల తవ్విన్రో మహానుభావులు! నర్సింగం ఎనుకనె ఉన్నడు, వాని ఊపిరి నా మెడకు తగులుతుంది. మా ముందట ఇద్దరు ఆడోళ్లు.

ఒక మలుపు తిరిగినం. నా చేతుల మంట కొస నీలంగ కనబడ్డది.

బాయిల మేం దీపం పట్టి గ్యాసు చూస్తం. మంట మీద నీలం టోపి లేసిందంటె గ్యాసున్నట్టె. ఇరవై రెండేండ్లు చూసిన కండ్లు ఇవి. ఇగ ఆలోచన ఎక్కడిది? "గ్యాసు! ఆర్పుండ్రి!" అని మొత్తుకొని నాది ఊదిన, నర్సింగంది ఊదిన, ఎగబడి ఆ ఇద్దరాడోళ్లయి గూడ ఊదిన. కారుచీకటి. ఆడోళ్లు కెవ్వుమన్నరు.

అప్పుడు యాదికొచ్చింది. నీలంగ ఉన్నది మంట కాదు, మంట ఎనుక, మా ముందట నడుస్తున్న ఒకామె తలరుమాలు. అగ్గిపెట్టె పైన సిరాజ్ జేబుల ఉంది. వాన్ని ఏ చీకటి సంపుతదో, ఆ చీకట్లనె నేను తోసిన. థూ, నా బతుకు!

"నర్సింగం!" అన్న. సప్పుడు లేదు. "నర్సింగం!"

"ఉన్ననే," అన్నడు. "ఒర్రకు రాజన్నా, అవ్వలు బెదురుతున్నరు. గాలి నా కుడి చెంపకు తగులుతుంది. బయటి గాలి. అందరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుండ్రి."

ఆ ఆడోళ్లకు మాట తెల్వకున్నా చెయ్యి తెలిసింది. నర్సింగం ముందు, ఇద్దరు ఆడోళ్లు, చివర్న నేను. గోడ తడుముకుంట, గాలికి ఎదురుగ, ఒక్కొక్క అడుగు. వాడు మాట్లాడుకుంటనె ఉన్నడు. "ఇగ వచ్చినం అవ్వా, ఇగ వచ్చినం." మలుపు దాటినంక దీపం కనబడ్డది, తరువాత తలుపు, తరువాత ఎండ.

బయటికి రాంగనె రుమాలామె తన సంచితోని నా ఈపుల నాలుగు దెబ్బలేసింది. నాకు పడాల్సినవే అవి. తరువాత నర్సింగం మొఖం రెండు చేతుల పట్టుకొని నొసటి మీద ముద్దు పెట్టి పోయింది.

నర్సింగం సిరాజ్ ముందట చెయ్యి చాపిండు. "నా బిల్ల."

తీసుకొని పిడికిట్ల బిగిచ్చి బోరున ఏడ్సిండు. "ఆ దినం నన్ను మోసుకొచ్చిన్రు. నా బిల్ల నేను తీసుకోలేదన్నా. రెండేండ్లాయె, నేనింక లోపల్నె ఉన్న."

నేను పెన్ను తీసిన. సంబురంతోని చెయ్యి ఆగుతలేదు. "ఫిట్ అని రాస్తున్నరా!"

వాడు కాయితం మీద చెయ్యి పెట్టిండు. "వద్దు. బయటికి తెచ్చుడు నాతోని అయింది. రోజు లోపలికి పోవుడు నాతోని కాదు. నలుగురి పానాలన్నవ్ కదా, నిజం రాయి." ముక్కు తుడుసుకున్నడు. "అన్‌ఫిట్ అని రాసి, కింద ఇంకొక్క ముక్క రాయి. ల్యాంపు రూంల ఏయమని. బిల్లలు నేను చూస్త. ఎవడన్న రాకపోతె ముందు నాకే తెలుస్తది. షిఫ్టు అయినంక ఒక్క నిమిషం గూడ ఆగ, అప్పుడే గంట కొడ్త."

రాసిన. నా అక్షరాలు నాకే కనబడలే, కండ్లల్ల నీళ్లు.

"పోదాం పాండ్రి, ఆకలైతుంది," అన్నడు సిరాజ్. వాని చేతుల ఇంక నా తాళం ఉంది. నర్సింగం దాన్ని గుంజుకున్నడు, నంబరు సదివిండు, నన్ను కిందికెల్లి మీదికి చూసిండు.

"రాజం, సర్దార్," అని గట్టిగ పిలిసిండు. "బయటికొచ్చిండు."

బిల్ల నా చేతుల పెట్టిండు.