దిద్దిన నవల

సకల జనుల సమ్మెకు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు ఆగిపోయిన రోజులవి. ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన నేను, తోచక, చిన్నప్పటిలా ఓ పాత నవల పట్టుకుని కూర్చున్నాను. అన్నం కూడా మరిచిపోయాను. నూటపన్నెండో పేజీలో తొమ్మిదేళ్ల ముత్యాలు చెరువులో మునిగి చచ్చిపోయింది. రాసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

నా భార్య యాదలక్ష్మి పుస్తకం లాక్కుని మొదటి పేజీ చూసింది.

"ప్రూఫులు దిద్దింది లింగస్వామి అని నీ పేరే ఉంది గదా. గా పిల్ల సస్తదని నీకు ఎర్కలేదా?"

కథలో పడితే తప్పులు కనబడవని, ప్రతి వాక్యాన్నీ చివరి మాట నుంచి వెనక్కి చదివేవాణ్ణి.

"మూడుసార్లు దిద్దిన," అన్నాను. "ఒక్కసారి గూడ చదవలే."