సగం కొండ

మధ్యాహ్నం రెండింటికి మొదలైన పని నాలుగైనా తెమల్లేదు. ఫోటో క్లబ్బు హాల్లో పొడవాటి బల్ల మీద ముప్ఫై ఒక్క ప్రకృతి దృశ్యాలు పరిచి ఉన్నాయి. పేర్లుండవు, మూలన నంబర్లే. వాటిలోంచి ఒక్కటి ఎంచాలి. ఆ ఖర్మ మాస్టారిది. ఎవరి ఫోటో చూసినా ఏదో ఒక అంచు కోసెయ్యమంటాడని క్లబ్బులో ఆయన్ని కత్తెర మాస్టారంటారు. ఆయన ముందు మాత్రం అనరు.

ఎంచినదాన్ని గుమ్మానికి ఎదురుగోడకి పెడతారు. పెడతారంటే, అక్కడ ఇరవై ఎనిమిదేళ్ళుగా వేలాడుతున్న మాస్టారి ఫోటోను దింపేసి పెడతారు. ముందు రెండు బండలు, వెనక ఎండ పడుతున్న నిండు కొండ. ఆయన పేరు నలుగురికీ తెలిసింది ఆ ఒక్క ఫోటోతోనే. "కొత్తవాళ్ళకీ అవకాశమిద్దాం సార్" అని కార్యదర్శి నవ్వుతూ అన్నప్పుడు మాస్టారూ నవ్వాడు గానీ, లోపల కడుపు మండిపోయింది. ఒక్కటీ పనికిరాదని తేల్చేస్తే ఈ ఏడాదికి గండం గడుస్తుందని ఇంటిదగ్గరే నిశ్చయించుకుని వచ్చాడు.

తీరా చూస్తే అబద్ధమాడాల్సిన పనే పడలేదు. అంత దరిద్రంగా ఉన్నాయి.

"సూర్యాస్తమయాలు తొమ్మిదా! ఆ సూర్యుడికి వేరే పనే లేదా?" అని విసుక్కున్నాడు. ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు నల్ల అట్టముక్కల్ని ఇంకో ఫోటో మీద అటూ ఇటూ జరిపాడు. "ఇదిగో, ఇక్కడికి కోసెయ్యండి. కాదు, ఇక్కడికి. అసలు మొత్తం కోసెయ్యండి, పీడా పోతుంది."

కార్యదర్శి కొట్టేసిన నంబర్లు రాసుకుంటున్నాడు.

పంతొమ్మిదో నంబరు దగ్గర మాస్టారి ఓపిక పూర్తిగా చచ్చింది. అందులో ఒక కొండ. దాని కుడివైపు గోడలా నిలువుగా తెగిపోయి, అవతల వట్టి ఆకాశం.

"ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది? సగం కొండని కంప్యూటర్లో చెరిపేసి ఆకాశం అతికిస్తారా? అదైనా చేతనయిందా! స్కేలు పెట్టి గీసినట్టుంది. కొండలెక్కడైనా ఇలా ఉంటాయా? ముందు దీన్ని పోటీలోంచి తీసెయ్యండి!"

వెనక కుర్చీల్లో కూర్చున్న సభ్యుల్లోంచి ఆయన మేనకోడలు లేచింది. కెమెరా పట్టుకోవడం ఆ పిల్లకి ఆయనే నేర్పాడు.

"అది నాదే మావయ్యా. నేనేం చెరపలేదు."

"నాకే చెప్తున్నావా? మరి మిగతా సగం ఏమైపోయిందే?"

"కంకరైపోయింది. రెండేళ్ళుగా తవ్వుతున్నారు. ఆ ముందున్న బండలు చూడు, తెలుస్తుంది."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగాడు. ఒకటి నిటారుగా ఉన్న బండ. పక్కన పొట్టిది, నెత్తి మీద పగులు. తలెత్తి ఎదురుగోడ కేసి చూశాడు. అవే బండలు, అదే పగులు. మోకాళ్ళు మొరాయించాక ఏడేళ్ళుగా ఆయన అటువైపు వెళ్ళలేదు. కొండ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

"నాకో మాట చెప్పొద్దటే?" అని అడిగాడు.

"మొన్న భోజనాల దగ్గర చెప్పబోయాను. ఫోటోగ్రాఫర్లు మాట్లాడకూడదు, తీసి చూపించాలి అని కసిరావు."

మాస్టారికి ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఆ పిల్ల మీద కోపం రాలేదు. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది గానీ, ఇంతమంది ముందు ఏం బావుంటుందని దిగమింగుకున్నాడు.

"సార్, ఇంతకీ ఏ నంబరు రాసుకోమంటారు?" కార్యదర్శి మెల్లగా కదిపాడు.

"ఏ నంబరేంటయ్యా, కళ్ళు కనిపించట్లేదా? పంతొమ్మిది రాసుకో!" అని కసిరి కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి మేనకోడల్ని దగ్గరికి పిలిచాడు.

"ఇది తీసి ఎన్నాళ్ళయింది?"

"నెలన్నర."

"రేపు పొద్దున్నే బండి తియ్యి. నన్ను తీసుకెళ్ళు."

"బండి దిగాక చాలా దూరం నడవాలి. నీ మోకాళ్ళు..."

"మోకాళ్ళకేం, ఇంట్లో ఉన్నా నొప్పే. నెలన్నరంటున్నావు, ఈ సగమైనా మిగిలిందో లేదో."