ఇంట్లో ఒకే భాష

మహేశ్వరిప్రియ కోవిల్‌పట్టిలో మాటల చికిత్స కేంద్రం పెట్టి తొమ్మిదేళ్ళయింది. మాటలు ఆలస్యమైన పిల్లలకూ, నత్తి ఉన్నవాళ్ళకూ, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్ళకూ ఆమె శిక్షణ ఇస్తుంది. మందుల షాపు మీద అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో మొదలుపెట్టింది. మెల్లగా పేరొచ్చింది. విళాత్తికుళం నుంచి కూడా పిల్లల్ని ఎత్తుకుని బస్సుల్లో వచ్చేవాళ్ళు.

మూడేళ్ళ కిందట విరుదునగర్‌లో రెండో శాఖ తెరిచింది. దాంట్లో భాగస్వామి ఆమె పెద్దమ్మ కొడుకు రాఘవేంద్రన్. అతను మదురైలో ఆసుపత్రి నిర్వహణ పని చూసి వచ్చినవాడు. "నువ్వు పిల్లల్ని చూసుకో పాపా, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. అన్నమాట ప్రకారం చూసుకున్నాడు కూడా. ఇరవై నాలుగు సిట్టింగులకు ఒక ప్యాకేజి పెట్టాడు. ముందురోజే ఫోన్ చేసి గుర్తుచేసే ఏర్పాటు చేశాడు. పిల్లల డాక్టర్లను కలిసి కేసులు పంపించుకున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి విరుదునగర్ శాఖ కోవిల్‌పట్టిని మించిపోయింది. అక్కడ రోజూ పిల్లల్ని చూసేది జోతిలక్ష్మి అనే చిన్న వయసు థెరపిస్టు. మహేశ్వరిప్రియ వారానికి రెండు రోజులు వెళ్ళి కొత్తగా వచ్చిన పిల్లల్లో కొందరిని పరీక్షించి వచ్చేది.

ఒక శుక్రవారం జోతిలక్ష్మి సెలవు పెట్టింది. ఆమె చూడాల్సిన పిల్లల్ని మహేశ్వరిప్రియే చూసింది. అలా ఆమె గదిలోకి మాధవన్ వచ్చాడు. నాలుగేళ్ళు. అరుప్పుకోట్టైలో మరమగ్గాలు నడిపే ఇంటి పిల్లవాడు. ఫైలు తీస్తే నలభై ఆరు సిట్టింగులు అయినట్టుంది. పిల్లవాడికి పట్టుమని పది మాటలు లేవు.

వాడి తల్లి సుధాలక్ష్మి తమిళంలో మాట్లాడుతోంది. నానమ్మ రుక్మణి తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. మాధవన్ ఆమె కొంగు లాగి కిటికీ వైపు చెయ్యి చూపించాడు. ఆమె లేచి వాణ్ణి ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది, మళ్ళీ దించింది. అంతసేపూ పెదవి విప్పలేదు.

మహేశ్వరిప్రియకు అది వింతగా అనిపించింది. ఆ ఊళ్ళో మగ్గాలవాళ్ళు చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారని ఆమెకు తెలుసు. ఆమె ఇంట్లోనూ అదే. తెలుగులోనే అడిగింది.

"అవ్వా, వానితో ఏమన్నా మాట్లాడండి. ఎట్లా వింటాడో చూస్తాను."

ముసలావిడ కోడలి వంక చూసింది. సుధాలక్ష్మి సంచిలోంచి ఒక కాగితం తీసింది. చిరగకుండా ప్లాస్టిక్ అట్ట వేయించి ఉంది.

"మీరేదా మేడం మాట్లాడొద్దని చెప్పినారు" అంది ఈసారి తెలుగులోనే, మీరే కదా అని ఒత్తి పలుకుతూ.

కాగితం పైన పెద్ద తమిళ అక్షరాల్లో 'ఇంట్లో ఒకే భాష' అని ఉంది. కింద నియమాలు. పిల్లవాడితో తమిళం తప్ప వేరే భాష మాట్లాడకూడదు. తమిళం సరిగా రానివాళ్ళు పిల్లవాడి ఎదుట మాట్లాడకుండా ఉండటం మంచిది. అడుగున మహేశ్వరిప్రియ పేరు, చదువు, సంతకం.

"మా అత్తకి తమిళం అంగట్లో బేరం చేసేంతవరకుదా వచ్చును" అంది సుధాలక్ష్మి. "తప్పుగా మాట్లాడి పిల్లగాన్ని చెడగొడతానేమోనని బయపడిరి. పదకొండు నెలలుగా వాని ముందర నోరు తెరవలే."

"పగలు పిల్లవాడిని ఎవరు చూసుకుంటారు?"

"అత్తేదా. నేను పప్పుమిల్లులో లెక్కలు రాస్తాను. ఆయన మగ్గాల కాడ ఉంటారు. పొద్దున ఎనిమిదికి పోతే నేను వచ్చేది సాయంత్రం ఆరుకు."

మహేశ్వరిప్రియ కాగితాన్ని మళ్ళీ చదివింది. మాటలు రావడం లేదని తెచ్చిన పిల్లవాడు రోజుకు పది గంటలు మాటే లేని ఇంట్లో పెరిగాడు. అలా పెంచమని రాసిన కాగితం మీద తన సంతకం ఉంది. ఇంట్లో రెండు భాషలుంటే పిల్లల మాట ఆగిపోదని ఆమెకు బాగా తెలుసు. పిల్లలకు కావలసింది నిండుగా, ప్రేమగా, అలవాటైన భాషలో మాట్లాడే మనిషి. ఆ మనిషి నోరే మూయించారు.

"అవ్వా, ఇందులో రాసింది తప్పు. మీకు వచ్చిన బాసలోనే మాట్లాడండి. ఈరోజునుంచే మాట్లాడండి."

రుక్మణి అప్పుడు నోరు తెరిచింది.

"నువ్వు మాట్లాడొద్దంటే మానేస్తిని. ఇప్పుడు నువ్వు మాట్లాడంటే మాట్లాడాల్నా? నా నోరు నీ ఇంటి కొళాయా, మూస్తే ఆగేదానికి, తిప్పితే వచ్చేదానికి?"

సుధాలక్ష్మి "అత్తా" అని ఆపబోయింది. ముసలావిడ ఆగలేదు.

"నూలు కండెలు చుట్టుకుంటా వానికి కత చెప్తా ఉంటిని. ఊ ఊ అంటా ఉండె. నేను మానేస్తే వాడు అదీ మానేసె. మంచికే అని నేననుకుంటిని. చదువుకున్నోళ్ళు చెప్పిరే అని."

మహేశ్వరిప్రియ లేచింది. ఆ కాగితం పట్టుకుని నేరుగా రాఘవేంద్రన్ గదికి వెళ్ళింది.

"అన్నా, ఇది ఎవరు రాసిరి?"

అతను ఒకసారి చూసి పక్కన పెట్టాడు. "బెంగళూరులో ఒక సెంటర్‌వాళ్ళది చూసి రాయిస్తిని. నువ్వేదా సైను పెడితివి. బ్రాంచి తెరిచినప్పుడు నలబై కాగితాలు తెస్తిని కదా."

నిజమే. ఆ రోజు పిల్లలు బయట కాచుకుని ఉన్నారు. ఆమె సగం చదివి మిగతావాటి మీద చదవకుండానే సంతకాలు చేసింది. అది గుర్తొచ్చి కోపం రెండింతలైంది. అందులో సగం తన మీదే.

"జోతిలక్ష్మి ఇది చూసిందా?"

"చూసింది. తప్పని రెండుసార్లు చెప్పింది. మేడం సైను పెట్టిన కాగితం, నువ్వు మార్చేదానికి లేదంటిని."

"నాతో ఎందుకు చెప్పలే?"

"ప్రతిదీ నీతో చెప్పేదానికి నేనెందుకు? ఈ కాగితం మీద ఎవరూ ఒక కంప్లయింటు చెయ్యలే. ఇంత కండిషన్ పెట్టే చోటుదా మంచి చోటని పెద్దోళ్ళు అనుకుంటారు. రెండో ప్యాకేజి, మూడో ప్యాకేజి తీసుకుంటా ఉండారు. నచ్చకుంటే తీసుకుంటారా?"

"పిల్లలకి మాట రాక తీసుకుంటా ఉండారన్నా."

అతను చెయ్యి విదిలించాడు. "సరి, కొత్త కాగితం అచ్చు వేద్దాం. పాతది ఎవరూ అడగరు."

"ఇది తీసుకున్న ప్రతి ఇంటికీ నేను ఫోన్ చేస్తాను. మేము తప్పు చెప్పినామని చెప్తాను."

"పిచ్చా నీకు? రేపు ఒక్కరు మెట్లెక్కరు. తెలుగు మాట్లాడి ఈ పిల్లలు ఎక్కడ పోయి బతకాల? బడిలో ఉండాదా, ఆఫీసులో ఉండాదా?"

"పెద్దమ్మ నీకు అన్నం ఏ బాసలో పెట్టె అన్నా?"

"అది ఇల్లు. ఇది బిజినెస్."

"ఆ అవ్వదీ ఇల్లేదా. దాంట్లోకి పోయి నోరు మూయించింది మన బిజినెస్."

ఆమె పిల్లల వివరాల రిజిస్టరు తీసి చంకలో పెట్టుకుంది. అతను తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఆమె కదలకుండా అతని ముఖంలోకి చూస్తూ నిలుచుంది. చివరికి అతనే పక్కకు తప్పుకున్నాడు.

మరునాటి నుంచి ఫోన్లు మొదలుపెట్టింది. రెండువందల పదహారు ఇళ్ళు. సగానికి పైగా ఇళ్ళలో తెలుగో, వేరే భాషో ఉంది. కొందరు ఆ కాగితాన్ని పట్టించుకోలేదన్నారు. కొందరు సరే అని పెట్టేశారు. చాలామంది తిట్టారు. ఒకామె, "మీ పిల్లలకి ఇట్లా చేస్తారా?" అని అడిగి జవాబు కోసం కాచుకుంది. మహేశ్వరిప్రియ అన్ని మాటలూ విన్నది. ఎక్కడా రాఘవేంద్రన్ పేరు చెప్పలేదు. సంతకం తనదే అని చెప్పింది.

ఆరోరోజు నరికుడి దగ్గర పల్లెలో ఉండే కరుప్పసామి అనే రైతు ఫోనెత్తాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. గొంతు పెంచలేదు.

"మా అమ్మ ఆడి మాసంలో పోయె మేడం. పోయేముందు ఆరు నెలలు నా బిడ్డతో ఒక మాట మాట్లాడలే. ఆ కాగితం చూసి నేనేదా ఆపితిని. ఆసుపత్రిలో బిడ్డ చెయ్యి పట్టుకుని ఉండె. అప్పుడూ నన్ను చూసి ఊరకే ఉండె."

ఆమె రిజిస్టరులో అతని పేరు కింద గీత గీసింది.

"ఆ కాగితం ఇంకా మా గోడ మీదే ఉండాది" అన్నాడు.

"చింపేయండి."

"నేనెందుకు చింపాల? మీరు వచ్చి చింపండి."

మరునాడు పొద్దున్నే ఆమె బస్సెక్కింది. కరుప్పసామి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు, గోడవైపు చెయ్యి చూపించాడు. ఆమె కాగితం పీకి ముక్కలు చేసింది. ఐదేళ్ళ ఆడపిల్ల మంచం మీద కూర్చుని చూస్తోంది. క్షమించమని అడగబోతే అతను తల అడ్డంగా ఊపాడు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే సరైనదని ఆమెకు తోచింది.

నెల తిరగకముందే భాగస్వామ్యం తెగిపోయింది. బంధువుల ఇళ్ళన్నిట్లో రాఘవేంద్రన్ ఒకటే చెప్పాడు, చేతికొచ్చిన వ్యాపారాన్ని పొగరుతో కాలదన్నిందని. విరుదునగర్ శాఖ బోర్డు మీద ఆమె పేరు తీసేసి వేరే పేరు రాయించాడు. ఒకసారి పని మీద ఆ దారిన పోతూ చూసింది. వరండా నిండా చెప్పులున్నాయి. పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళిపోయింది.

కోవిల్‌పట్టిలో మొదటి రెండు నెలలు సగం మంది రాలేదు. జోతిలక్ష్మి మాత్రం వచ్చి చేరింది. "అప్పుడే మీకు నేరుగా చెప్పాల్సింది, అక్కా" అంది. "చెప్పాల్సింది" అంది మహేశ్వరిప్రియ. అంతకంటే మెత్తగా అనడం ఆమెకు చేతకాలేదు. ఇప్పుడు కొత్తగా పిల్లవాడిని తెచ్చినవాళ్ళను ముందు అడిగేది ఒకటే, పగలు వాడితో ఉండేది ఎవరు, వాళ్ళు ఏ భాషలో నవ్వుతారు, ఏ భాషలో తిడతారు అని. ఆ మనిషిని కూడా తీసుకురమ్మంటుంది. అది తెలిసి మెల్లగా జనం మళ్ళీ రావడం మొదలైంది.

మూడో నెలలో ఒక మంగళవారం రుక్మణి మాధవన్‌ను తీసుకుని వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. గదిలోకి వచ్చి చాప మీద కూర్చుంది.

"నేను మాట్లాడతాను. నువ్వు పక్కన ఉండి చూడు. యాడ తప్పు చేస్తే ఆడ చెప్పు" అంది.

అలా తొమ్మిది వారాలు వచ్చింది. రుక్మణి మాట్లాడేది, మహేశ్వరిప్రియ ఎక్కడ ఆగాలో, ఎక్కడ పిల్లవాడికి వంతు వదలాలో చెప్పేది. మాధవన్ చాలారోజులు బొమ్మబండ్లు వరసగా పేర్చుకుంటూ ఉండిపోయాడు. పదో వారం ఒక బండి తీసి నానమ్మ ఒళ్ళో పెట్టి, "ఇది అవ్వది. అది నాది" అన్నాడు.

మహేశ్వరిప్రియ ముఖమంతా నవ్వు వచ్చింది. రుక్మణి ఆమె వైపు తిరిగింది.

"నువ్వు నవ్వాకు" అంది.

మహేశ్వరిప్రియ నవ్వు ఆపుకుంది. ఆ రెండు వాక్యాలూ ఫైల్లో రాసి, వచ్చే మంగళవారం పదింటికి రమ్మని చెప్పింది.

"వస్తాము" అంది రుక్మణి, పిల్లవాడి చొక్కా సర్దుతూ. "వానికోసం."