సంపు మీద రోలు

భాగ్యశ్రీకి అన్నిటికంటే ఎక్కువ భయం తన రెండు చేతులంటే. అవి ఏడు నెలల బిడ్డను వాకిట్లోని నీళ్ల సంపులో జారవిడుస్తాయేమోనని.

ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు, చంకనెత్తుకుని వాకిట్లో తిరిగేటప్పుడు, పిలవకుండానే ఆ దృశ్యం కళ్ల ముందుకొచ్చేది. అందుకే బిడ్డను అత్త దగ్గర వదిలి, షాద్‌నగర్ బయట పాత కాగితాల గోదాంలో పనికి చేరింది. తాను ఎంత దూరంలో ఉంటే బిడ్డ అంత భద్రం అనుకుంది. వాడకట్టు మాత్రం, పైసల ఆశకు పసిగుడ్డును వదిలిపోతున్నదని అన్నది.

ఆ మధ్యాహ్నం రేకుల కింద గోదాం పొయ్యిలా ఉంది. ఎవరెవరో వదిలించుకున్న పుస్తకాలు లారీ నిండా వచ్చి పడ్డాయి. అట్టల మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది, మిల్లువాళ్లు తీసుకోరు. అట్ట చింపి ఒక దిక్కు, లోపలి కాగితాలు ఒక దిక్కు వేయాలి. పక్కన కూర్చున్న ఉప్పలమ్మకు చదువు రాదు. కోడికి ఈకలు పీకినట్టు పీకేస్తోంది.

"గీ పండ్లికిలించెటోని బుక్కులే ఎక్కువొస్తున్నయేందే?" అంటూ ఒక అట్ట ఎత్తి చూపింది. దాని మీద కోటు వేసుకున్న మనిషి నవ్వుతున్నాడు.

"ఎట్ల గెలవాల్నో చెప్పే బుక్కు అక్కా."

"గంత గెలిచినోడు గీ రద్దీ కాగితాలల్ల ఎందుకు పడ్డడే?"

భాగ్యశ్రీ నవ్వలేదు. ఆ పుస్తకం తన ఇంట్లోనూ ఉంది. భర్త నవీన్‌కుమార్ ట్రాలీ ఆటో తోలుతాడు. చుట్టాలను, స్నేహితులను చేర్పించి డబ్బాల్లో పొడులు అమ్మే కంపెనీ ఒకదాంట్లో కొత్తగా చేరాడు. వాళ్ల మీటింగులో ఇచ్చిన పుస్తకాన్ని రోజూ పొద్దున గొంతెత్తి చదువుతాడు. 'మీరు దేన్ని పదేపదే తలచుకుంటారో అదే మీ జీవితంలో జరిగి తీరుతుంది.' కారును తలచుకుంటే కారు వస్తుందట.

వంటింట్లో ఆ వాక్యం విన్ననాడు ఆమె చేతిలోని గంటె జారిపడింది. ఆమెకు పదేపదే తలపుకొస్తున్నది కారు కాదు. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించిన పిల్లకు, అచ్చులో ఉన్నదాన్ని అబద్ధమనుకునే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? పుస్తకం జరుగుతుందన్నది, కాబట్టి జరుగుతుంది. ఆ సాయంత్రమే చిన్న రోలును దొర్లించుకుంటూ తెచ్చి సంపు మూత మీద పెట్టింది.

అత్త బిక్షమ్మ మర్నాడు చూసింది. "గీ రోలు ఈడికెట్లొచ్చిందే?"

"పిల్ల పడ్తదని, అత్తా."

"పాకుడే రాని పొల్ల మూత లేపుకొని పడ్తదా? ఎవ్వలు పడేస్తరని నీ ఫికర్?"

భాగ్యశ్రీ ఏడ్చేసింది. బిక్షమ్మకు ఆ ఏడుపు చాలు. కోడలికి గాలి సోకిందని తేల్చింది. గాలి వదిలించే ఎల్లస్వామిని పిలిపించి, పసుపు కొమ్ము కాల్చి ఒంటి మీద చురక పెట్టిస్తే పోతుందన్నది. కొడుక్కు గాలి మీద నమ్మకం లేదు, ఆయనది కొత్తకాలం. "నీ నెగెటివ్‌తోనే నేను పైకొస్తలేను. అమ్మ చెప్పినట్లు చేయించుకో, మనసుకన్న జర ధైర్యమొస్తది" అన్నాడు. కోటు మనిషి పుస్తకం, ఎల్లస్వామి పసుపు కొమ్ము ఇట్లా ఒక్క ఇంట్లో చక్కగా సర్దుకున్నాయి. తప్పు ఆమెదేనని రెండూ అన్నాయి, నీకేమైందని రెండూ అడగలేదు. ఈ సాయంత్రమే ఎల్లస్వామి వస్తున్నాడు.

ఆ తలపుతోనే గోదాంలో మరో పుస్తకం అట్ట చింపింది. పలచటి పుస్తకం. చింపిన చోట రెండు ఆకులు ఊడి ఒళ్లో పడ్డాయి. 'బాలింతలకు' అన్న మాట దగ్గర చూపు ఆగింది.

'బిడ్డకు తన వల్ల హాని జరుగుతుందేమోనన్న ఆలోచనలు చాలామంది బాలింతలకు వస్తాయి. రావడం వేరు, చేయడం వేరు. ఆ ఆలోచనకు వణికిపోతున్నారంటే అది మీ కోరిక కాదని అర్థం. లోపల దాచుకోవద్దు. దీనికి వైద్యం ఉంది.'

"పని ఆపినవేందే? సేటు చూస్తాండు" అన్నది ఉప్పలమ్మ.

భాగ్యశ్రీ గొంతు తగ్గించి చదివి వినిపించింది. ఉప్పలమ్మ చేతులు ఆగిపోయాయి.

"మల్ల సదువు."

మళ్లీ చదివింది.

"మా పెద్దోడు పుట్టినప్పుడు నాకు కత్తిపీటంటె గట్లనే అయ్యేది" అన్నది ఉప్పలమ్మ కాగితాల వైపే చూస్తూ. "కూరగాయలు కొయ్యకుంట పచ్చిపులుసుతోనే ఎల్లదీసిన. సోమరిదని మా అత్త తిట్టని తిట్టు లేదు. ఎవ్వలకన్న చెప్తె నన్నే సంపుతరనుకున్న. గిది బుక్కులల్ల రాసేటంత మామూలు ముచ్చటనా?" మళ్లీ ఒక పుస్తకం అందుకుంటూ, "రేపు పొద్దుగాల రా. సర్కారు దవాఖానకు పోదాం, నేనొస్త" అన్నది.

రెండో ఆకు చివర 'డాక్టరు దగ్గర మొట్టమొదట చెప్పవలసిన మాట' అని ఉంది. తర్వాతి ఆకు లేదు. భాగ్యశ్రీ కాగితాల కుప్పనంతా గాలించింది. మిగతా పుస్తకం అప్పటికే కాగితాలు నొక్కే యంత్రం కింద నలిగి, మూటై, ఇనుప తీగల మధ్య బిగుసుకుంది.

సాయంత్రం వాకిట్లో పీట వేశారు. ఎల్లస్వామి నిప్పుల మీద పసుపు కొమ్ము తిప్పుతున్నాడు. చుట్టుపక్కలవాళ్లు గోడ మీద గడ్డాలు ఆనించి చూస్తున్నారు. "పొల్ల పాలు తాగుతాందా? పొల్ల మంచిగున్నదా?" అని బిక్షమ్మనే అడుగుతున్నారు.

"కూసో" అన్నాడు నవీన్‌కుమార్.

"కూసోను."

"ఏందే?"

పుస్తకంలో లేని ఆ మాటను ఆమె తానే వెతుక్కుంది. "నా చేతులంటె నాకు భయమైతాంది. బిడ్డను సంపుల ఏస్తనేమో అని మనసుల మెదుల్తాంది. నేను ఎయ్య. నాకు గాలి లేదు, బీమారి ఉంది. రేపు దవాఖానకు పోత."

గోడ మీది గడ్డాలు లేచాయి. బిక్షమ్మ ఒక్క ఉదుటున ఊయల్లోని పిల్లను లాక్కుంది. "విన్నరా! నోటితోనే చెప్పింది! రాక్షసి!"

"పట్టుకోండ్రి" అన్నాడు ఎల్లస్వామి, ఎర్రగా కాలిన కొమ్ము ఎత్తి.

భాగ్యశ్రీ నీళ్ల బిందె ఎత్తి నిప్పుల మీద కుమ్మరించింది. బుస్సుమని బూడిద లేచింది. ఎల్లస్వామి కళ్లు నులుముకుంటూ, ఈ ఇల్లు బాగుపడదని శపిస్తూ వెళ్లిపోయాడు.

నవీన్‌కుమార్ అరవలేదు. రెక్క పట్టి లోపలికి ఈడ్చాడు. "గీ ముచ్చట కంపెనీల తెలిస్తె నా కింద ఎవడు జాయినవుతడే? మనకు పైసల ఫ్రీడం రావాల్నంటె ఇంట్ల గిసుంటివి ఉండొద్దు" అన్నాడు. గది తలుపు గొళ్లెం బయటినుంచి పడింది.

మర్నాడు ఆమె గోదాంకు రాలేదు. ఉప్పలమ్మ పని మానుకుని వెళ్లి తలుపు కొట్టింది. "భాగ్యశ్రీ ఏదీ?" అని అడిగింది. బిక్షమ్మ తలుపు జానెడు తీసి, "పొల్ల మంచిగనే ఉన్నది" అని మూసింది. ఆ మర్నాడూ అదే జవాబు, లోపలి గదికి అదే గొళ్లెం. రోలు సంపు మీదినుంచి తీసి గోడవార పడేసి ఉంది.

మీ ఇల్లు ఆ సందులో ఉంటే, లేదా అటువంటి సందు మీ ఊళ్లోనూ ఉంటే, జర ఓసారి తలుపు కొట్టండి. బిడ్డ ఎట్లున్నదని అందరూ అడుగుతూనే ఉన్నారు. ఆమెను బయటికి పిలిపించి, ఆమె నోటితోనే చెప్పేదాకా నిలబడి అడగండి: నువ్వెట్లున్నవమ్మా?