సున్నా నిమిషాల నాష్తా

పొద్దున ఎనిమిదీ పదికి కనీజ్ నాష్తా గిన్నె పట్టుకొని ఏడో నంబరు గదిలోకి వస్తుంది. సత్తెమ్మ మెడకు తువ్వాలు చుడుతుంది. మెత్తగా పిసికిన ఇడ్లీలో ఇంత పప్పు నీళ్లు కలిపి మొదటి బుక్క నోట్లో పెడుతుంది. గోడమీది గడియారం ఆగుతుంది. శంషాబాద్‌లో దిగబోతున్న విమానం చక్రాలు చాపుకొని కిటికీలో అట్లాగే నిలబడిపోతుంది. గిన్నె ఖాళీ అయి, కనీజ్ సత్తెమ్మ మూతి తుడిచాక గడియారం నడుస్తుంది, విమానం దిగుతుంది.

తుక్కుగూడ పోయే దారిలో ఉన్న ఆ వృద్ధాశ్రమంలో ప్రతి గదిలోనూ ఇదే తీరు. ఆయమ్మల చేతులు ఓపికగా పనిచేస్తున్నంతసేపూ గడియారాలు ఆగుతాయి. ఆగేవి గడియారాలే, మనుషుల ఒళ్లు కాదు. ఆధార్ కార్డులో కనీజ్‌కు ముప్పై నాలుగేళ్లు. జుట్టు సగం తెల్లబడింది. కొత్తగా చేరిన ఆయమ్మలకు పాతవాళ్లు "గోరింటాకు డబ్బా తెచ్చుకో" అని మొదటిరోజే చెప్తారు.

సత్తెమ్మకు కాళ్లు బాగానే ఉన్నాయి. నడుస్తుంది, చీర తనే కట్టుకుంటుంది. మతి మాత్రం వచ్చిపోతుంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది నోట్లో ఉన్న బుక్కనే. దవడలో పెట్టుకొని కూర్చుంటుంది, మింగాలన్న సంగతి గుర్తుండదు. ఒకసారి గొంతుకు అడ్డుపడి దవాఖాన దాకా పోయింది. అప్పటినుంచీ కనీజ్ ఆమె గొంతు మీద వేలు ఆనించి, లోపలికి దిగిందో లేదో చూసుకున్నాకే రెండో బుక్క పెడుతుంది.

ఆ వారం ఆశ్రమం నడిపే కంపెనీ వాళ్లు జగదీశ్‌ను పంపారు. నున్నగా గీసిన గడ్డం, చేతిలో ట్యాబ్. ఏ గదిలో ఎన్ని నిమిషాల పని ఉందో కొలవడం ఆయన ఉద్యోగం. ట్యాబ్‌లో పడ్డ నిమిషాలను బట్టే ఆయమ్మలు. రెండు రోజులు గడప బయట నిలబడ్డాడు. గిన్నె లోపలికి పోయింది ఎనిమిదీ పదికి. బయటికి వచ్చింది ఎనిమిదీ పదికి. 'తినిపించడానికి సున్నా నిమిషాలు' అని రాసుకున్నాడు.

సున్నా! కనీజ్ నెత్తిమీది తెల్లవెంట్రుకలన్నీ కలిపితే సున్నా.

మూడో రోజు పొద్దున్నే మేనేజరు పూర్ణిమ ఆ మాట చెప్పడానికి వచ్చింది.

"సత్తెమ్మగారూ, మీకు సాయం అక్కర్లేదని తేలిందండీ. సోమవారం నుంచి కింద హాల్లో అందరితో పాటు భోంచేద్దురుగాని. కనీజ్‌ను మానిపిస్తున్నాం."

ఆ క్షణాన సత్తెమ్మ నోట్లో బుక్క లేదు కాబట్టి సరిపోయింది.

"ఎవడు తేల్చిండు?"

"కొలతలో తేలిందండీ."

"హాల్ల ముప్పై మందికి ఒక్క ఆయమ్మ. నా గొంతుల ఇరుక్కుంటే ఎవరు చూస్తరు? నీ కొలత చూస్తదా?"

పూర్ణిమ చీర కొంగు సర్దుకుంది. సత్తెమ్మ గడప అవతల నిలబడ్డ జగదీశ్ వైపు తిరిగింది.

"ఓ సారూ, నిన్నే! ఇరవై ఎనిమిదేండ్లు అంగన్‌వాడీల పసిపోరగాండ్లను తూకం వేసిన నేను. గడప అవతల నిలవడి వేసిన్నా? ఎత్తుకొని, మీద ఉచ్చ పోయించుకొని వేసిన. లోపలికొస్తే నీ కాళ్లు అరుగుతయా?"

"పనికి అడ్డం రావొద్దని రూల్ ఉందమ్మా."

"అడ్డం రాకు. కూసో."

అప్పుడే గిన్నెతో వచ్చిన కనీజ్ నవ్వు ఆపుకుంటూ స్టూలు జరిపింది. "కూసో సాబ్. కడుపుకు ఏమన్న తిని వచ్చినవా? లేకుంటే పరేషాన్ అయితవ్."

పూర్ణిమ గడప బయటికి జరిగింది. జగదీశ్ లోపలికొచ్చి కూర్చున్నాడు. మొదటి బుక్క. విమానం ఆగింది.

"మింగు అమ్మా. జర మింగు."

సత్తెమ్మ కిటికీ చూసింది. "అదేంది తెల్లగ?"

"విమానం అమ్మా. మింగు."

"అదేంది?"

"విమానం. నోట్ల బుక్క ఉన్నది, మింగు."

జగదీశ్ మనసులో వంద లెక్కపెట్టాడు, మళ్లీ వంద. తరువాత లెక్క మానుకున్నాడు. సత్తెమ్మ ఒక బుక్క ఊసేసింది. కనీజ్ తుడిచి ఇంకొకటి కలిపింది. సత్తెమ్మ ఆమెను తన చెల్లెలనుకొని ఎప్పటిదో పాత తగువు తీసింది. తప్పు నాదేనని కనీజ్ ఒప్పుకుంది. గొంతు మీది వేలు మాత్రం కదల్లేదు. జగదీశ్‌కు కాళ్లు తిమ్మిరెక్కాయి, ఆకలేసింది, ఆ ఆకలీ చచ్చిపోయింది. ఒకచోట తన నోటినుంచే "మింగమ్మా" అన్న మాట వచ్చింది.

గిన్నె ఖాళీ అయింది. ఆయన వాచీ చూసుకున్నాడు. ఎనిమిదీ పది. గడ్డం తడుముకున్నాడు. పొద్దున్నే గీసుకున్నది, చేతికి గరుకుగా తగిలింది.

"ఎంతండీ?" అంది పూర్ణిమ.

"వాచీలో సున్నానే."

"మరి సున్నా వేసేయండి."

కనీజ్ నడుము పట్టుకొని లేస్తోంది. జగదీశ్ ఆమెనే చూస్తున్నాడు.

"వాచీ తినిపించలేదు కదా, మేడం."

ఆ గడిలో పట్టే అన్నిటికన్నా పెద్ద అంకె, ఒక ఆయమ్మ పూర్తి డ్యూటీ, నాలుగు వందల ఎనభై నిమిషాలు. అదే కొట్టాడు. ఆధారం జత చేయమని అడిగింది ట్యాబ్. తన గడ్డం ఫోటో తీసి పెట్టాడు.

"పైవాళ్లు అడిగితే నేనేం చెప్పనండీ?"

"వచ్చి కూర్చోమనండి."

సోమవారం డ్యూటీ చార్టులో ఏడో నంబరు గదికి కనీజ్ పేరే ఉంది. ఆ సంగతి చెప్పడానికి జగదీశ్ వచ్చేసరికి ఆయనెవరో సత్తెమ్మకు గుర్తులేదు. కోపం మాత్రం గుర్తుంది.

"కొలిచేటోనివా? పక్క గదిల భారతమ్మకు ఎంత రాసినవ్?"

"సున్నా, అమ్మా."

"గట్లనా! ఇగ నడువు. ఆమెకు తానం పోసేదున్నది. ఒక జత బట్టలు ఎక్కువ తెచ్చుకున్నవా?"