గంట పట్టిన చెయ్యి

డోలు నేర్పమని డొట్సే మావయ్య దగ్గరికి వెళితే నా చేతిలో గంట పెట్టాడు. ఒకదాని కింద ఒకటి రెండు నోళ్లున్న ఇనపగంట. పాట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా దాన్ని పుల్లతో ఒకే వరసలో కొడుతూ ఉండాలి. పగలంతా సముద్రం ఒడ్డున మా కెటా ఊరి సంతలో ఎండుచేపలు అమ్మి, సాయంత్రం వెళ్లి అదే కొట్టేదాన్ని. అలా మూడేళ్లు! ఒళ్లు మండిపోయేది.

"మావయ్యా, డోలు ఎప్పుడిస్తావు?"

"గంట వచ్చిందా నీకు?"

"మూడేళ్లుగా కొడుతూనే ఉన్నా గదా!"

"కొట్టడం వేరు, రావడం వేరు. డోలు వాయించేవాడు దారి తప్పితే గంటను పట్టుకునే మళ్లీ దార్లోకొస్తాడు. నేనే తప్పి నిన్ను మార్చమన్నా మార్చకు. విన్నావా, కోతీ?"

విన్నాను. ఈయన తప్పడమేమిటిలే అనుకున్నాను.

కానీ ఏడాదిగా ఆయనకు వినికిడి తగ్గుతోంది. వెనక లారీ హారన్ కొట్టినా పక్కకు తప్పుకునేవాడు కాదు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే మా ఆటపాటల సంఘంవాళ్లు ఆయన వాయించే పెద్దడోలు క్పోడోకి ఇచ్చేస్తారు. క్పోడో ఆయన శిష్యుడే. పదేళ్లుగా పక్కన చిన్నడోలు వాయిస్తూ ఆ పీట మీద కన్నేసి ఉన్నాడు. అది కూడా పోతే మావయ్యకు ఇంకేం మిగులుతుంది? భార్య పోయింది, పడవ అమ్మేశాడు.

మా పాటలు కట్టే సెడోఫియా తాత పోయినప్పుడు, శనివారం మధ్యాహ్నం అన్ని పేటలవాళ్లూ కర్మకు వచ్చారు. ఆడవాళ్లు నడుం వంచి, మోచేతులు రెక్కల్లా ఆడిస్తూ వరసగా కదులుతున్నారు. మూడో పాట ఎత్తుకోగానే మావయ్య దెబ్బ గంట కంటే అర అడుగు ముందుకు జరిగింది. కావాలనే చేస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, ఆయనకు గంట వినపడడం లేదు. ముందువరసలో కాళ్లు తడబడ్డాయి. అక్కడ ఆడుతున్న అమెయో అత్త ఆగిపోయి, తప్పు నాదన్నట్టు నా వైపు ఉరిమి చూసింది.

మావయ్య తల తిప్పి అరిచాడు. "గంట మార్చు!"

మార్చేస్తే చాలు. చిన్నడోళ్లన్నీ నా వెంట వస్తాయి, తిట్లు నాకు పడతాయి, పీట ఆయనకు మిగులుతుంది. కానీ మారిస్తే ఆడేవాళ్లంతా అడుగు తప్పుతారు, అదీ సెడోఫియా తాత పాటలో. చెయ్యి మారలేదు.

"మార్చవే! చెవుడా నీకు?"

జనంలో ఎవడో నవ్వాడు. నాకు తిక్క రేగింది.

"మార్చను!"

మావయ్య పుల్లలు కింద పెట్టేసి లేచాడు. నేరుగా నా మీదికే వస్తున్నాడు.

"ఒరేయ్ డొట్సే, పిల్లను కొట్టకురా!" అంది అమెయో అత్త.

ఆయన కొట్టలేదు. వంగి, కాస్త వినపడే చెవిని గంటకు ఆనించినంత దగ్గరగా పెట్టాడు. నా పుల్ల చెంపకు తగులుతుందేమోనని భయమేసింది. కాసేపటికి ఆయన మడమ నేల మీద దెబ్బ వెయ్యడం మొదలెట్టింది. సరిగ్గా గంటతో పాటు.

"ఎంతసేపట్నించి తప్పాను?"

"పాట మొదట్నించీ."

తల ఊపాడు. వెనక్కి తిరిగాడు.

"క్పోడో! గుడ్లప్పగించి చూస్తావేంట్రా గాడిదా? పోయి కూర్చో."

క్పోడో పెద్దడోలు ముందు కూర్చున్నాడు. పాపం, అంతకాలం కోరుకున్నవాడు పుల్లలు తిరగేసి పట్టుకున్నాడు. మావయ్య నడుంగుడ్డ బిగించి కట్టి, గంట వినపడేంత దూరంలో నాకు ఎదురుగా నిలబడి ఆడడం మొదలెట్టాడు. ఒక్క అడుగూ తప్పలేదు. అందరికీ అర్థమైంది. ఎవరూ నవ్వలేదు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఒక చేతిలో గంట, ఇంకో చేతిలో పుల్ల. కన్నీళ్లూ చీమిడీ కలిసి పెదాల మీదికి కారుతున్నా తుడుచుకునే దారి లేదు. మావయ్య ఆడుతూనే దగ్గరికొచ్చి, తన గుడ్డ చెంగుతో నా మొహం తుడిచాడు.

"ఏడిస్తే ఏడువు," అన్నాడు. "వేగం మాత్రం పెంచకు."